గాల్వే నుంచి జాలారిపేటకి వచ్చిన బంతి: ఓనీల్స్ గేలిక్ ఫుట్‌బాల్ రివ్యూ

ముందు బరువు చెప్తాను. బంతి చేతికి రాగానే నేను చేసిన మొదటి పని తూచడమే. విశాఖ ఇసకతోటలో మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెడితే 488 గ్రాములు చూపించింది. 32 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేశాను. ఏ బంతైనా చేత్తో పట్టుకుని, లెక్క చూసుకుంటేగాని నాకు తృప్తి ఉండదు. వాలీబాల్ 260 నుంచి 280 గ్రాములు. మనందరికీ తెలిసిన ఫుట్‌బాల్ 410 నుంచి 450. గేలిక్ ఫుట్‌బాల్ ఐర్లండ్‌వాళ్ల సొంత ఆట. దాని బంతికి నిబంధన ప్రకారం 480 నుంచి 500 గ్రాములు ఉండాలి. చుట్టుకొలత మాత్రం మామూలు ఫుట్‌బాల్‌దే, 68 నుంచి 70 సెంటీమీటర్లు. అదే సైజులో ఒక యాభై గ్రాములు ఎక్కువన్నమాట. వినడానికి చిన్న తేడా. పైనుంచి దిగుతున్న బంతిని రెండు చేతులూ ఎత్తి అందుకున్నప్పుడు ఆ తేడా మణికట్ల దాకా తెలుస్తుంది.

మా అమ్మాయి ఐర్లండ్‌లో నర్సు. ఏడేళ్ల క్రితం వెళ్లింది. ఆ మరుసటేడు అల్లుడు, మనవడు వెళ్లారు. గాల్వే కౌంటీలో, ట్యూమ్ అనే చిన్న పట్నానికి దగ్గర్లో ఒక పల్లెలో ఉంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ పల్లెలో బడి, చర్చి, ఒక కొట్టు, ఒక మైదానం ఉన్నాయి. మైదానం ఊరి క్లబ్బుది. మావాడు ఆరో ఏట ఆ క్లబ్బు చిన్నపిల్లల జట్టులో చేరాడు, ఇప్పుడు పదేళ్లు. మొన్న జులైలో సెలవులకి వచ్చినప్పుడు వాడి సూట్‌కేసులో బట్టల మధ్య గాలి తీసేసిన ఈ బంతి, ఒక చిన్న పంపు, రెండు సూదులు ఉన్నాయి. "తాతయ్యా, ఇది నీకే. నువ్వు పీఈటీవి కదా" అన్నాడు. ధర ఎంతని అమ్మాయిని అడిగితే "ఎందుకు నాన్నా" అని మాట మార్చేసింది. అందుకే ధర రాయలేకపోతున్నాను. జగదాంబ చుట్టుపక్కల స్పోర్ట్స్ షాపుల్లో నేను అడిగిన మూడు చోట్లా ఇలాంటిది లేదు. కావాలంటే అక్కడున్న మనవాళ్ల చేత తెప్పించుకోవాలి.

ఓనీల్స్ 1918లో డబ్లిన్‌లో మొదలైన కంపెనీ. ఈ బంతి 18 ముక్కలది. మూడేసి పట్టీలు ఒక వైపు నిలువుగా ఉంటే పక్క వైపు అడ్డంగా వస్తాయి, అచ్చం మన పాత వాలీబాల్ అమరికే. ఫుట్‌బాల్ అనే పేరున్న బంతికి వాలీబాల్ అమరిక ఎందుకా అని మొదటిరోజు ఆలోచించాను. ఆట చూశాక అర్థమైంది. ఇది సగం చేతుల ఆట. ఆ పొడుగు పట్టీల అంచులు వేళ్లకి దొరుకుతాయి. పై పొర మరీ నున్నగా లేదు, మరీ గరుగ్గా లేదు. తడి చేతులతో పట్టుకున్నా జారిపోదు. వాన ఎప్పుడూ కురిసే దేశంలో ఆడే బంతికి ఇది చాలా అవసరం.

నేను సర్వీసులో చేరిన కొత్తలో స్కూలుకి జలంధర్, మీరట్ బంతులు వచ్చేవి. తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడర్, నోటి దగ్గర లేసు. వానలో ఆడితే నీళ్లు తాగి రెట్టింపు బరువయ్యేది. తలకి తగిలితే పిల్లలు ఏడ్చేవారు. కుట్టు ఊడితే నేనే ఆరె, మైనం రాసిన దారం పట్టుకుని స్టాఫ్ రూములో కూర్చుని కుట్టేవాణ్ని. కొత్త బంతి మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు. అందుకని ఏ బంతి చూసినా నా కళ్లు ముందు కుట్ల మీదికే పోతాయి. ఈ బంతి కుట్లు ఒక్కొక్కటీ గోటితో లాగి చూశాను. నలభై రోజులు ఉప్పునీళ్లలో, ఇసుకలో ఆడాక మళ్లీ చూశాను. ఒక్క దారం కూడా లేవలేదు. బంతికి నా మార్కులు ఐదుకి ఐదు.

ఇక ఆట. జట్టుకి 15 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, కానీ నాలుగు అంగల వరకే. ఆ తర్వాత నేలకి కొట్టి పట్టుకోవాలి, లేదా కాలి బొటనవేలి మీదికి జారవిడిచి తిరిగి చేతిలోకి తన్నుకోవాలి. రెండోదాన్ని సోలో అంటారు. వరసగా రెండుసార్లు నేలకి కొట్టకూడదు. నేల మీదున్న బంతిని వంగి నేరుగా చేత్తో తీయకూడదు, కాలి వేళ్లతో లేపి తీసుకోవాలి. చేత్తో విసరడం నిషేధం. ఒక అరచేతిలో బంతి పెట్టి రెండో చేతి పిడికిలితోనో, తెరిచిన చేత్తోనో కొట్టి పక్కవాడికి అందించాలి. ఇది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన ఊళ్లలో కింద చేతి సర్వీసు ఇలాగే కదా చేస్తాం! వాలీబాల్ ఆడిన మన పిల్లవాడెవడైనా ఈ పాస్‌ని పావుగంటలో పట్టేస్తాడు.

సోలో మాత్రం అంత తేలిగ్గా రాదు. చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. పరిగెత్తుతూ చేస్తే బంతి ముందుకి ఎగిరిపోతుంది, మనం వెనకబడిపోతాం. మావాడు నాకు నేర్పిన కిటుకు ఇది: బంతిని వదిలేటప్పుడు వేళ్లు దానికి తగులుతూనే ఉండాలి, పాదం వేళ్లు పైకి, తనవైపు వంచి ఉంచాలి. అప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ చేతిలోకి వస్తుంది. పదేళ్ల పిల్లాడు మూడు ముక్కల్లో చెప్పాడు. వాడికి అంత బాగా నేర్పినవాళ్లు ఎవరో కాదు, ఆ ఊళ్లో పాలు పితికే రైతు ఒకాయన, బడి పంతులమ్మ ఒకావిడ. ఇద్దరికీ జీతం లేదు. వారంలో రెండు సాయంత్రాలు వచ్చి నిలబడతారట. ఆ మాట విన్నాక బంతి మీద గౌరవం ఇంకా పెరిగింది.

మా ఇంటి దగ్గర ఆడటానికి చోటు లేదు. రోజూ పొద్దున్నే వాణ్ని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని జాలారిపేట వైపు బీచ్‌కి తీసుకెళ్లేవాణ్ని. రెండో రోజే బోట్ల దగ్గర నుంచి నలుగురు గుంటలు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో కాస్త పెద్దవాడు నూకరాజు బంతి చేతిలోకి తీసుకుని, "ఏటి మాస్టారూ, ఇంత బరువుగుంది? లోపల ఇసకేసినారా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి పద్నాలుగు మంది. మావాడి తెలుగులో సగం మాటలు వాళ్లకి కొత్త, వాళ్ల మాటల్లో సగం మావాడికి కొత్త. పది రోజుల్లో మావాడు "నానొస్తన్నా" అని కేకేసి పరిగెత్తడం నేర్చుకున్నాడు. వాళ్లమ్మ విని మురిసిపోయింది.

బీచ్‌లో ఆడాలనుకునేవాళ్లకి ఒక సంగతి. పొడి ఇసుకలో ఈ బంతి అస్సలు లేవదు. నేలకి కొడితే అక్కడే కూర్చుంటుంది. ఇది పచ్చిక కోసం చేసిన బంతి. ఆటు వేళ నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద మోకాలి ఎత్తు లేస్తుంది. అది చాలు. ఆ తడి పట్టీ వెడల్పు ఎంత ఉంటే మా మైదానం అంత. అసలు మైదానం 130 నుంచి 145 మీటర్ల పొడవు, 80 నుంచి 90 మీటర్ల వెడల్పు ఉండాలట. మాకు పొడవుకి లోటు లేదు, వెడల్పు సముద్రం దయ.

గోలు స్తంభాలు ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటాయి. స్తంభాల మధ్య ఆరున్నర మీటర్లు, అడ్డకర్ర రెండున్నర మీటర్ల ఎత్తులో. అడ్డకర్ర కింద నుంచి పోతే గోలు, మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. 2025 నుంచి కొత్తగా, 40 మీటర్ల గీత బయట నుంచి తన్ని పైనుంచి పంపితే రెండు పాయింట్లు. నేను సరుగుడు వాసాలు కొన్నాను. నూకరాజు వాళ్ల నాన్న పాత వల తాడు ఇచ్చి తనే బిగించి కట్టాడు. జాలరి ముడి, ఎంత ఊపినా కదల్లేదు. ఆ స్తంభాల మధ్య నుంచి మొదటి పాయింటు కొట్టింది దేవి అనే ఏడో తరగతి అమ్మాయి. పై బంతి అందుకోవడంలో ఆ పిల్లకి ఎదురులేదు. బంతి ఎక్కడ దిగుతుందో అందరికంటే ముందు తనకి తెలుస్తుంది. ఎగిరి, మోకాలు ముందుకి పెట్టి, రెండు చేతులతో ఛాతీకి లాక్కుంటుంది. ఎవరూ నేర్పలేదు. అక్కడ ఆడవాళ్ల గేలిక్ ఫుట్‌బాల్‌కి 1974 నుంచి సొంత సంఘం ఉందని నేను చెప్తే, "అక్కడా అమ్మాయిలు ఆడతారా మాస్టారూ?" అని రెండుసార్లు అడిగింది. వాళ్లు ఆడేది సైజు 4 బంతి. ఇది సైజు 5. దేవికి ఇదే నచ్చింది.

2025 జులై 27 ఆదివారం రాత్రి 8 గంటలకి మా ఇంట్లో ఫోన్‌ని టీవీకి కలిపి ఆలిండియా పోటీ చూసినట్టు ఆల్ ఐర్లండ్ ఫైనల్ చూశాం. డబ్లిన్‌లో క్రోక్ పార్క్, 82 వేల మంది పట్టే స్టేడియం. ఇది కౌంటీల జట్ల పోటీ. కెర్రీ కౌంటీకి, డోనిగాల్ కౌంటీకి మ్యాచ్. మావాడిది గాల్వే. 2024 ఫైనల్లో గాల్వే ఒక్క పాయింటు తేడాతో అర్మా చేతిలో ఓడిపోయింది, ఆ రాత్రి వాడు అన్నం తినలేదని అమ్మాయి అప్పట్లో చెప్పింది. ఈసారి వాడికి టెన్షన్ లేదు, మాకు స్కోరు వివరించే పని పెట్టుకున్నాడు. కెర్రీ 1-26, డోనిగాల్ 0-19. ముందు అంకె గోల్స్, తర్వాతది పాయింట్లు. అంటే 29కి 19.

కెర్రీ తరఫున డేవిడ్ క్లిఫర్డ్ అనే అతను ఆడాడు. ఎడమ కాలితో తంతే బంతి గీసిన గీతలా పోతుంది. ఈ కాలంలో అతన్ని మించినవాడు లేడని అక్కడ చాలామంది అంటారట. అతను స్కూలు టీచరు. నేను కుర్చీలోంచి ముందుకి వంగాను. ఆ ఆటలో ఎవరికీ జీతాలు ఉండవు. 80 వేల మంది ముందు ఆడినవాళ్లు సోమవారమో మంగళవారమో తిరిగి పనికి పోవాల్సిందే. ఇంకో సంగతి. క్లిఫర్డ్ సొంత క్లబ్బు పేరు ఫోసా, కిలార్నీ పక్కన చిన్న పల్లె. కింది స్థాయి పోటీల్లో ఆడే క్లబ్బు. అంత పెద్ద ఆటగాడు, వాళ్లన్న పాడీ కూడా, పుట్టిన ఊరి జట్టుకే ఆడుతూ 2023 జనవరిలో ఆ చిన్న క్లబ్బుకి జూనియర్ స్థాయి ఆల్ ఐర్లండ్ కప్పు తెచ్చారు. అక్కడి పద్ధతి అది. ఏ ఊళ్లో పుట్టి పెరిగావో ఆ ఊరి క్లబ్బుకే ఆడాలి. మంచి జట్టు దొరికిందని మారిపోవడం తేలిక కాదు. మన కబడ్డీలో వేలంపాటలు వచ్చాక మా పిల్లలు కొందరికి నాలుగు డబ్బులు దొరికాయి, అందుకు నాకు సంతోషమే. కానీ ఊరి పేరు వీపు మీద వేసుకుని ఆడిన ఆట వేరు. అది ఆడినవాళ్లకి తెలుసు.

ఆగస్టులో ఒక రోజు అల్లుడు అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. సెలవు దొరక్క అతను రాలేదు. నేనే అడిగాను, "బాబూ, ఒకసారి మీ ఊరి క్లబ్బు చూపిస్తావా" అని. ఫోన్ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు. మైదానం పక్కన రేకుల కప్పుతో ఒక పొడుగు గది. లోపల గోడ నిండా ఫొటోలు. ఒక చివర మీసాలవాళ్లు, చేతులు కట్టుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నవాళ్లు. రెండో చివర మావాడి జట్టు. మధ్యలో వందేళ్లకి పైగా ఊరు. ఒక ఫొటోలో పక్కపక్కన నిలబడ్డ అన్నదమ్ములు ఇద్దరు ఉంటారు. ఆ తర్వాతి ఏడు ఫొటోలో ఒక్కడే. ఇంకోడు అమెరికా వెళ్లిపోయాడని, గడ్డి కోసే పెద్దాయన అల్లుడికి చెప్పాడు. ఆ పెద్దాయనకి ప్రతి మొహం పేరు తెలుసు, ఎవరు ఎటు పోయారో తెలుసు. అరగంట సేపు కదలకుండా చూశాను. మా ఆవిడ రెండుసార్లు కాఫీకి పిలిచింది.

ఆ గోడ ఎలా మొదలైందో తర్వాత అల్లుణ్ని, మనవణ్ని అడిగి, నేనూ చదివి తెలుసుకున్నాను. 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలో థర్ల్స్ అనే ఊళ్లో, హేస్ హోటల్లో కొద్దిమంది కలిసి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. అందరూ జీఏఏ అంటారు. పిలుపు ఇచ్చిన మైకేల్ క్యూసాక్ పంతులు, క్లేర్ కౌంటీవాడు. మొదటి అధ్యక్షుడు మారిస్ డేవిన్ పేరున్న అథ్లెట్. అప్పుడు ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. 1845లో మొదలైన కరవులో పది లక్షల మంది చనిపోయి, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి పోయిన దేశం. మిగిలినవాళ్ల భాష పోతోంది, ఆటలు పోతున్నాయి. క్యూసాక్ ఆ ఆటల్ని ఊరూరా నిలబెట్టాలనుకున్నాడు. అప్పటికే ప్రతి ఊరికీ చర్చి పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే పరిధి, ఉంది, జనానికి ఆ ఎల్లలు తెలుసు. ఆ ఎల్లల మీదే క్లబ్బులు లేచాయి. పంతులుగా పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ఇందులో ఆయన తెలివి కనిపిస్తుంది. కొత్త హద్దు గీయకుండా, ఉన్న ఊరినే జట్టు చేశాడు.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. చాలా ఏళ్ల పాటు జీఏఏ సభ్యులు సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది), రగ్బీ, హాకీ, క్రికెట్ ఆడకూడదని, చూడకూడదని కూడా నిషేధం ఉండేది. 1938లో సాక్షాత్తు దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్‌కి వెళ్లాడని ఆయన్ని జీఏఏ పోషకుడి స్థానం నుంచి తీసేశారు. 1971లో గాని ఆ నిషేధం పోలేదు. ఒక ఆటని ప్రేమించడానికి ఇంకో ఆటని ద్వేషించనక్కర్లేదు. నా పిల్లలు పొద్దున చెడుగుడు, సాయంత్రం క్రికెట్ ఆడారు, ఏదీ చెడిపోలేదు.

మావాడి ఊరికి దగ్గర్లోనే కొరోఫిన్ అనే పల్లె క్లబ్బు ఉంది. క్లబ్బుల మధ్య ఆల్ ఐర్లండ్ పోటీ 1970-71లో మొదలైతే, పడమటి ప్రాంతం కొనాక్ట్ నుంచి దాన్ని మొదట గెలిచింది 1998లో కొరోఫినే. తర్వాత 2018, 2019, 2020లో వరసగా మూడేళ్లు గెలిచింది. అంతకుముందు ఏ క్లబ్బూ, నగరాల్లోవి కూడా, అలా గెలవలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మావాడి గొంతులో కాస్త అసూయ వినిపించింది. వాడి క్లబ్బు వేరు కదా.

నన్ను కదిలించింది మాత్రం క్రాస్‌మగ్లెన్ కథ. బ్రిటన్ కిందే ఉండిపోయిన ఉత్తర ఐర్లండ్‌లో, సరిహద్దు ఒడ్డున, అర్మా కౌంటీలో చిన్న ఊరు. బ్రిటన్ పాలన ఉండాలా వద్దా అని రక్తం పారిన గొడవల కాలంలో, 1970లలో, ఆ ఊరి క్లబ్బు నేల కొంత బ్రిటిష్ సైన్యం తన స్థావరానికి తీసేసుకుంది. మైదానం గోడకి ఆనుకుని కావలి బురుజులు, ఆట నడుస్తుండగా తల మీద హెలికాప్టర్లు. క్లబ్బువాళ్లు మైదానం వదల్లేదు. మా నేల మాకివ్వండని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, పక్కన మిగిలినదాంట్లో ఆడుతూనే ఉన్నారు. చివరికి నేల తిరిగొచ్చింది. 1997 నుంచి 2012 మధ్య ఆ ఊరు ఆరుసార్లు ఆల్ ఐర్లండ్ క్లబ్బు కప్పు గెలిచింది. మన దగ్గర ఒక మండల కేంద్రమంత కూడా ఉండని ఊరు. ఆ క్లబ్బులకి నేల సొంతం. ఊళ్లో నమ్మకస్తులైన కొందరిని ధర్మకర్తలుగా పెట్టి వాళ్ల పేర రాయిస్తారు. ఊరివాళ్లు వారం వారం క్లబ్బు లాటరీ చీట్లు కొని మైదానం నడుపుకుంటారు. మావాడి ఊళ్లోనూ అంతేనట.

ఇది చదివిన రాత్రి నాకు మా ఊరు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. తగరపువలసకి కాస్త లోపలగా, గోస్తనీ ఒడ్డున మా ఊరు. చెరువు గట్టు కింద ఖాళీ జాగాలో మా చెడుగుడు బరి ఉండేది. పుష్యమాసంలో మట్టి తవ్వి, బెడ్డలు ఏరి, ఊక కలిపి మెత్తగా చేసేవాళ్లం. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ల జట్లు వచ్చేవి. గెలిచిన జట్టుకి పొట్టేలు, రెండో జట్టుకి స్టీలు బిందె. నేను ఎడమ మూల ఆడేవాణ్ని, చీలమండ పట్టు నాది. మా తాత తన వయసులో విశాఖ రేవులో ఓడెక్కి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లినవాడు. అక్కడ బియ్యం మిల్లుల దగ్గర మన కూలీలు సాయంత్రాలు చెడుగుడు ఆడేవారని, ఏ ఊరివాళ్లు ఆ ఊరి జట్టు కట్టేవారని చెప్పేవాడు. ఐర్లండ్‌వాళ్లూ ఓడలెక్కి పోయిన చోటికి ఆటని తీసుకుపోయారు. 1947 సెప్టెంబర్ 14న, మనకి స్వాతంత్ర్యం వచ్చిన నెలకి, ఆల్ ఐర్లండ్ ఫైనల్ న్యూయార్క్‌లో జరిగింది. కావన్ గెలిచింది, కెర్రీ ఓడింది. రేడియోలో మైకేల్ ఓహెహిర్ వ్యాఖ్యానం చెప్తున్నాడు. న్యూయార్క్ నుంచి ఐర్లండ్‌కి ప్రసారం పంపే లైను కట్టేసే టైము దగ్గరపడితే, ఇంకో ఐదు నిమిషాలు ఉంచండని వ్యాఖ్యానం మధ్యలోనే బతిమాలుకున్నాడట. అటువైపు దేశమంతా రేడియో పెట్టెల ముందు కూర్చుని ఉంది. ఆ ఐదు నిమిషాలు దొరికాయి.

మా బరి ఇప్పుడు లేదు. ఆ జాగా ఎవరి పేరన ఉందని మేము ఏనాడూ అడగలేదు. ఊరిది అనుకున్నాం. ఒక ఏడు సంక్రాంతికి వెళ్తే సర్వే రాళ్లు పాతి ఉన్నాయి. తర్వాతి ఏడుకి ప్లాట్లు. ఆడే కుర్రాళ్లు అప్పటికే గాజువాక, హైదరాబాదు, దుబాయ్ అని చెదిరిపోయారు. అడగడానికి కూడా ఊళ్లో ఎవరూ మిగల్లేదు. నా దగ్గర ఒకే ఒక్క ఫొటో ఉంది. 1983లో భీమిలి స్టూడియోలో దిగాం, తొమ్మిది మంది, మధ్యలో బిందె. ఆ వీడియో కాల్ తర్వాత పెన్ను తీసుకుని ఫొటో వెనక తొమ్మిది పేర్లూ రాశాను. ఇద్దరి ఇంటిపేర్లు గుర్తు రాలేదు. ఒకడి తమ్ముడికి ఫోన్ చేసి కనుక్కున్నాను, రెండోది ఇంకా తెలియలేదు. ఇంకెవరింట్లోనైనా ఫొటోలు ఉన్నాయేమో అని అందరికీ కబురు పెట్టాను. ఇప్పటికి నాలుగు వచ్చాయి.

ఇక కొనాలనుకునేవాళ్లకి పనికొచ్చే మాటలు చెప్తాను. పదేళ్ల లోపు పిల్లలకి సైజు 5 వద్దు. పిడికిలితో కొట్టేటప్పుడు మణికట్టు నొప్పి పుడుతుంది. మా దగ్గర ఎనిమిదేళ్ల పిల్లాడికి పుడితే మూడు రోజులు ఆపేశాను. చిన్నవాళ్ల కోసం తేలిక బంతులు, సైజు 4 ఉన్నాయి, అవే తెప్పించండి. గాలి మరీ బిగించొద్దు. బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగాలి, అప్పుడే చేతికి పట్టు. సూదిని నోటితోనైనా తడి చేసి గుచ్చాలి, పొడిది గుచ్చితే ఏ బంతి వాల్వ్ అయినా పాడవుతుంది. బీచ్‌లో ఆడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టొద్దు. మామూలు ఫుట్‌బాల్‌తో ఈ ఆట ఆడొచ్చా అని ఒకాయన అడిగారు. ఆడొచ్చు. మేము ఈ బంతి ఆరేదాకా అలాగే ఆడతాం. కానీ దేవి ఒప్పుకోదు, పైనుంచి దిగేటప్పుడు తేలిక బంతి గాలికి పక్కకి పోతుందంటుంది. సముద్రపు గాలిలో ఆ మాట నిజం. బరువు వల్లే ఈ బంతి దారి తప్పదు.

ఆగస్టు చివర మావాడు వెళ్లిపోయాడు. వెళ్లేముందు బంతి మీద నల్ల స్కెచ్ పెన్నుతో తన క్లబ్బు పేరు రాసి, దాని కింద ఖాళీ వదిలాడు. నూకరాజు ఆ ఖాళీలో "జాలారిపేట" అని రాశాడు. కడిగినప్పుడల్లా రెండు పేర్లూ కాస్త చెరుగుతున్నాయి, మళ్లీ రాస్తున్నారు. సెప్టెంబర్ వానలకి ఒక స్తంభాన్ని అల లాక్కుపోయింది. కొత్త వాసం నూకరాజు వాళ్ల నాన్నే తెచ్చి పాతాడు. రాత్రిళ్లు బంతి దేవి వాళ్లింట్లో బియ్యం డబ్బా మీద ఉంటుంది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి ఇరవై ముగ్గురు ఉన్నారు, ఆటు మొదలవుతోంది.